వృద్ధుల సంరక్షణ, స్థానిక సంస్థల పర్యవేక్షణ: నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతం

పాఠం ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వృద్ధులకు, నిరాధారులకు అందే సాయం వలస పాలన కాలం నుంచి నేటి దాకా ఎవరి చేతుల మీదుగా నడిచిందో వివరించగలుగుతారు.
• పంపిణీకి, పర్యవేక్షణకు మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
• గ్రామసభ, పంచాయతీ, పురపాలక సంఘం ఈ విషయంలో ఏం చేయగలవో, వాటికి ఎక్కడ అడ్డు పడిందో చర్చించగలుగుతారు.

1. పరిచయం

నెల మొదట్లో మన ఊళ్లలో పింఛన్ల పంపిణీ జరుగుతుంది. మీ ఇంట్లోనో పక్కింట్లోనో పింఛను తీసుకునే పెద్దవాళ్లు ఉండే ఉంటారు. ఆ డబ్బు ఎంత, ఏ ప్రభుత్వం ఎంత పెంచింది అన్నది అందరికీ నోటికి వచ్చిన లెక్కే. ఈ పాఠంలో మనం వేసుకునే ప్రశ్నలు వేరు. అవి మూడు. మొదటిది: సాయం ఎవరికి అందాలో తేల్చేది ఎవరు? రెండోది: దాన్ని తెచ్చి ఇచ్చేది ఎవరు? మూడోది: అందకపోతే, లేదా అనర్హుడికి అందితే, ఎవరిని అడగాలి? అడిగితే జవాబు చెప్పి తీరాల్సిన బాధ్యత ఎవరిది?

మొదటి రెండూ పంపిణీకి చెందిన ప్రశ్నలు. మూడోది పర్యవేక్షణకు చెందినది. చరిత్రలో ఈ మూడు ప్రశ్నలకు ఒకే జవాబు ఉన్న కాలం చాలా తక్కువ. మూడో ప్రశ్నకు అసలు జవాబే లేని కాలం ఎక్కువ. ఈ విషయాన్ని ఒక ప్రాంతాన్ని తీసుకుని పరిశీలిద్దాం. అది పాత కృష్ణా జిల్లా పడమటి భాగంలోని నందిగామ, జగ్గయ్యపేట మెట్ట. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. నందిగామ రెవెన్యూ డివిజన్ కేంద్రం అయింది.

2. మెట్ట నేల, కరువులు, సత్రాలు

కృష్ణా జిల్లా అనగానే డెల్టా పచ్చదనం గుర్తుకు వస్తుంది. 1855లో పూర్తయిన విజయవాడ ఆనకట్ట డెల్టాకు నీళ్లిచ్చింది. ఎగువనున్న మెట్టకు ఆ భాగ్యం దక్కలేదు. మునేరు, పాలేరు ఈ ప్రాంతం గుండానే పారుతున్నా చాలా పొలాలు వానమీదే ఆధారపడ్డాయి. 1967లో నాగార్జునసాగర్ నీటిని విడుదల చేసిన తరువాతే ఎడమ కాలువ ద్వారా ఇక్కడి భూముల్లో కొన్నింటికి సాగునీరు అందింది. వానలు తప్పిన ఏడాది పని చేయగలవారు పని వెతుక్కుంటూ వెళ్లేవారు. ఇంటి దగ్గర మిగిలేది ముసలివారు, జబ్బుపడినవారు. అందుకే ఈ పాఠానికి మెట్ట ప్రాంతం తగిన ఉదాహరణ.

జగ్గయ్యపేటను నిర్మించినది అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. అంతకు ముందు బేతవోలుగా ఉన్న చోట పేటను కట్టించి తన తండ్రి పేరు పెట్టాడు. ఆ కాలంలో దిక్కులేనివారికి అన్నం పెట్టే ఏర్పాట్లు సత్రాలు, దేవాలయాలు, దాతల ఇష్టం మీద నడిచేవి. దాత ఇస్తాడు, తీసుకునేవాడు దీవిస్తాడు. ఇందులో ‘ఎందుకు ఇవ్వలేదు’ అని అడిగే హక్కు లేదు. ఇది దానం. దానానికి పర్యవేక్షణ ఉండదు, కీర్తి మాత్రమే ఉంటుంది.

దానధర్మాల ఆస్తుల మీద ప్రభుత్వం కన్ను పడినది 1817లో. ఆ ఏడాది మద్రాసు ప్రభుత్వం చేసిన 7వ రెగ్యులేషన్ దేవాలయాల, సత్రాల మాన్యాల అజమాయిషీని బోర్డ్ ఆఫ్ రెవెన్యూకు అప్పగించింది. మాన్యం ఆదాయం దాత ఉద్దేశించిన పనికే ఖర్చవుతోందా అని చూడటం దీని లక్ష్యం. పర్యవేక్షణ అనే ఆలోచనకు ఇది తొలి రూపం అనవచ్చు. అయితే చూసేవాడు కలెక్టరు. ఊరివారు కాదు.

1832-33లో గుంటూరు ప్రాంతాన్ని కబళించిన కరువును జనం ‘డొక్కల కరువు’ అని పిలుచుకున్నారు. 1876-78 నాటి మహా కరువు తరువాత ఏర్పడిన ఫామిన్ కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. దాని మీద ఆధారపడి కరువు నిబంధనావళులు తయారయ్యాయి. వాటి సూత్రం ఇది: ఒంట్లో సత్తువ ఉన్నవారికి కూలి పని చూపాలి; ముసలితనం వల్లో అంగవైకల్యం వల్లో పని చేయలేనివారికి ఊళ్లోనే ఉచిత సాయం అందించాలి. ‘పని చేయలేనివారు’ ఎవరన్న జాబితా గ్రామాధికారుల దగ్గర మొదలయ్యేది. రెవెన్యూ ఉద్యోగులు దాన్ని సరిచూసేవారు. కరువు తీరగానే సాయం ఆగిపోయేది. ముసలితనం మాత్రం కరువుతో పోయేది కాదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. నేటి అర్హుల జాబితాకు పూర్వరూపం మనకు ఈ కరువు జాబితాల్లోనే కనిపిస్తుంది. ఊళ్లో ఒకరు రాస్తారు, పైన ఒకరు సరిచూస్తారు. జాబితాలో పేరు లేనివారు మాట్లాడే చోటు మాత్రం లేదు.

3. లోకల్ ఫండ్ నుంచి జిల్లా బోర్డు దాకా

1871లో మద్రాసు రాష్ట్రంలో లోకల్ ఫండ్ చట్టం వచ్చింది. 1882 మే 18న లార్డ్ రిప్పన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాడు. దాని ఫలితంగా 1884లో మద్రాసు లోకల్ బోర్డుల చట్టం వచ్చి జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, యూనియన్ పంచాయతీలు ఏర్పడ్డాయి. అప్పట్లో జగ్గయ్యపేట నందిగామ తాలూకాలో భాగం.

ఈ బోర్డుల పనుల్లో రోడ్లు, బడులు, ఆసుపత్రులు, టీకాలతో పాటు సత్రాల నిర్వహణ కూడా ఉంది. అంటే సంరక్షణకు సంబంధించిన ఒక చిన్న పాయ తొలిసారి ఒక సభ చేతికి వచ్చింది. సభ అంటే సమావేశం ఉంటుంది, లెక్క ఉంటుంది, ప్రశ్న ఉంటుంది. కానీ బోర్డుల్లో ఓటు హక్కు పన్ను కట్టే కొద్దిమందిదే. సత్రంలో పడుకునేవారికి బోర్డులో నోరు లేదు. 1934లో తాలూకా బోర్డులను రద్దు చేయడంతో ఆ ప్రశ్న అడిగే చోటు కూడా జిల్లా కేంద్రానికి దూరమైంది. తరువాతి కాలంలో ధర్మసంస్థల అజమాయిషీకి ప్రత్యేక శాఖ స్థిరపడింది. దాన్ని మనం ఎండోమెంట్స్ శాఖ అంటున్నాం.

4. రాజ్యాంగం, పంచాయతీ రాజ్

1948 నవంబరు 4న రాజ్యాంగ పరిషత్తులో డా. బి.ఆర్. అంబేడ్కర్ గ్రామాన్ని పాలనకు పునాదిగా తీసుకోవాలన్న వాదాన్ని గట్టిగా వ్యతిరేకించారు. గ్రామంలో కుల ఆధిపత్యం ఉందని, రాజ్యాంగానికి వ్యక్తే ప్రమాణం కావాలని ఆయన అభిప్రాయం. అయినా 40వ అధికరణ ద్వారా గ్రామ పంచాయతీల ఏర్పాటు ఆదేశిక సూత్రాల్లో చేరింది. ఆ పక్కనే ఉన్న 41వ అధికరణ వృద్ధాప్యంలో, అనారోగ్యంలో, అంగవైకల్యంలో ప్రభుత్వ సహాయం పొందే హక్కు గురించి చెబుతుంది. ఈ రెండు అధికరణలూ ఇరుగుపొరుగున ఉన్నాయి. వాటిని కలిపి చదివే ప్రయత్నం మాత్రం చాలా కాలం జరగలేదు.

1957లో బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ మూడంచెల వ్యవస్థను సూచించింది. 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో మన రాష్ట్రంలో పంచాయతీ రాజ్ మొదలైంది. జిల్లా బోర్డుల స్థానంలో జిల్లా పరిషత్తులు, వాటి కింద పంచాయతీ సమితులు వచ్చాయి. సమితులు వ్యవసాయం, విద్య, గ్రామీణ పరిశ్రమల మీద దృష్టి పెట్టాయి. ముసలివారి సంగతి ‘కుటుంబం చూసుకుంటుంది’ అన్న నమ్మకానికే వదిలేశారు.

1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. వత్సవాయి, పెనుగంచిప్రోలు, చందర్లపాడు వంటి ఊళ్లు మండల కేంద్రాలయ్యాయి. కార్యాలయం ఊరికి దగ్గరైంది. తరతరాలుగా ఊరి లెక్కలు రాసిన చేతులు మారాయి. వాటి స్థానంలో ఎవరి మాట చెల్లాలన్న పోటీ అప్పటి నుంచి నేటి దాకా సాగుతూనే ఉంది.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. 11వ షెడ్యూలులో 29 అంశాలను చేర్చారు. వికలాంగుల సంక్షేమంతో కూడిన సాంఘిక సంక్షేమం, బలహీన వర్గాల సంక్షేమం వాటిలో ఉన్నాయి. పట్టణాలకు 74వ సవరణ, 18 అంశాల 12వ షెడ్యూలు వర్తిస్తాయి. దానిలోనూ బలహీన వర్గాల ప్రయోజనాల రక్షణ ఒక అంశం. ఈ షెడ్యూళ్లు స్థానిక సంస్థలకు ఏ అధికారాలు ఇవ్వవచ్చో మాత్రమే చెబుతాయి. ఇవ్వాల్సింది రాష్ట్ర శాసనసభ.

1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీ రాజ్ చట్టంలో దీని ఫలితం చూడండి. పంచాయతీ తప్పనిసరిగా చేయాల్సిన పనుల్లో రోడ్లు, వీధి దీపాలు, మురుగు కాలువలు, పారిశుధ్యం, తాగునీరు, శ్మశానాలు ఉన్నాయి. వృద్ధుల సంరక్షణ ఆ తప్పనిసరి జాబితాలో లేదు. అయితే అదే చట్టంలోని 6వ సెక్షను పథకాల లబ్ధిదారుల ఎంపికను గ్రామసభ ముందుకు తెచ్చింది. జిల్లా పరిషత్తుకు ఉన్న 7 స్థాయీ సంఘాల్లో ఒకటి సాంఘిక సంక్షేమానిది. కాబట్టి చట్టం సంరక్షణ భారాన్ని పంచాయతీ నెత్తిన పెట్టలేదు గాని, అడిగే తలుపు ఒకటి తెరిచి ఉంచింది.

5. 1995 తరువాత: పింఛను, గ్రామసభ

1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం ప్రారంభించింది. 65 ఏళ్లు దాటిన నిరాధారులకు నెలకు 75 రూపాయల కేంద్ర సాయం దానిలో భాగం. అర్హులను గుర్తించడంలో పంచాయతీలు, పురపాలక సంఘాలు పాల్గొనాలని ఆ కార్యక్రమం మార్గదర్శకాలు చెప్పాయి. కానీ రాష్ట్రానికి ఇన్ని పింఛన్లే అన్న పరిమితి ఉండేది. పరిమితి ఉన్న చోట జాబితా నిండిపోతుంది. అప్పుడు కొత్తవారి పేరు ఎక్కాలంటే పాతవారిలో ఒకరు కన్నుమూయాలి. గ్రామసభకు ఎంపిక హక్కు ఉన్నా ఎంచుకోవడానికి ఖాళీ లేదు. ఎంత నిజాయితీగల సర్పంచ్ అయినా ఇద్దరు దిక్కులేనివారిలో ఒకరికి ‘ఆగు’ అని చెప్పక తప్పని పరిస్థితి అది.

తరువాతి మార్పులను వరుసగా గుర్తుంచుకోండి. 2006లో పింఛను 200 రూపాయలు అయింది. 2014 అక్టోబరు 2 నుంచి ఎన్టీఆర్ భరోసా పేరుతో 1,000 అయింది. 2019 జనవరిలో 2,000, అదే ఏడాది జూలైలో వైఎస్సార్ పింఛను కానుక పేరుతో 2,250 అయి, వయోపరిమితి 65 నుంచి 60 ఏళ్లకు తగ్గింది. 2024 జనవరికి 3,000, 2024 జూలైలో 4,000 రూపాయలకు చేరింది. ఇందులో కేంద్రం వాటా 60 నుంచి 79 ఏళ్లవారికి 200, 80 దాటినవారికి 500 రూపాయలు మాత్రమే. మిగిలినదంతా రాష్ట్రానిది. స్థానిక సంస్థ వాటా ఏమీ లేదు.

ఈ చివరి వాక్యం మీద కాస్త ఆగి ఆలోచించండి. డబ్బు పెట్టనివారి మాటకు విలువ తక్కువ అన్నది ఇళ్లలోనే కాదు, పాలనలోనూ ఉన్నదే. పింఛను మొత్తం పెరిగేకొద్దీ దాన్ని ఇచ్చే చేయి ఎవరిదో కనిపించాలన్న ఆరాటం కూడా పెరిగింది. పథకం పేర్లు మారిన తీరే దీనికి సాక్ష్యం.

6. కమిటీలు, వాలంటీర్లు, సచివాలయాలు

2014లో జన్మభూమి కమిటీలు వచ్చాయి. వాటిలో సర్పంచ్‌తో పాటు సామాజిక కార్యకర్తలు అనే పేరుతో నియమితులైన సభ్యులు ఉండేవారు. అప్పటికి పంచాయతీల్లో 2013లో ఎన్నికైన పాలకవర్గాలు పనిచేస్తున్నాయి. ఎన్నికైన సంస్థ ఉండగా నియమిత కమిటీ సిఫారసు ఎందుకు అన్న విమర్శ అప్పుడు బలంగా వినిపించింది. 2019లో ప్రభుత్వం మారాక ఆ కమిటీలు పోయాయి.

2019 ఆగస్టు 15న గ్రామ వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది. గ్రామాల్లో 50 ఇళ్లకు ఒక వాలంటీరు. అదే ఏడాది అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. 2020 ఫిబ్రవరి 1 నుంచి పింఛను ఇంటి గుమ్మం దగ్గరికే చేరింది. లేచి నడవలేని వారికి ఇది పెద్ద ఊరట. దీన్ని తక్కువ చేసి చూడకూడదు. అయితే చరిత్ర విద్యార్థిగా మీరు మరో తేదీని కూడా పక్కన పెట్టుకోవాలి. 2013లో ఎన్నికైన పంచాయతీల పదవీకాలం 2018 ఆగస్టులో ముగిసింది. తిరిగి ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. అంటే వాలంటీర్లు, సచివాలయాలు మొదలైనప్పుడు ఊళ్లలో ఎన్నికైన సర్పంచులు లేరు. పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. పట్టణాల్లోనూ అంతే. 2014లో ఎన్నికైన పురపాలక సంఘాల గడువు 2019లో ముగిసింది. నందిగామ, జగ్గయ్యపేటలకు కొత్త పాలకవర్గాలు వచ్చింది 2021లోనే. పంపిణీ యంత్రాంగం ఏర్పడి, కుదురుకుని, అలవాటుగా మారిన తరువాత దాన్ని అడగాల్సిన సభలు వచ్చాయి.

2024 మార్చి 30న ఎన్నికల సంఘం ఎన్నికల సమయంలో వాలంటీర్లు పింఛన్లు పంచకూడదని ఆదేశించింది. ఏప్రిల్‌లో చాలామంది పెద్దవాళ్లు ఎండలో సచివాలయాలకు, మే నెలలో బ్యాంకులకు వెళ్లాల్సి వచ్చింది. తప్పు ఎవరిదన్న వాదన పార్టీల మధ్య సాగింది. మన ప్రశ్న వేరు. ఇంటింటికీ అందించే పద్ధతి ఒక్క ఉత్తర్వుతో ఆగిపోతే, ఆ నెల ఏం చేయాలో నిర్ణయించే అధికారం ఊళ్లో ఏ సభకైనా ఉందా? లేదు. 2024 జూలై నుంచి సచివాలయ ఉద్యోగులు ఇళ్ల దగ్గర పంపిణీ చేస్తున్నారు. మనుషులు మారారు. మూడో ప్రశ్న అలాగే ఉంది.

7. డబ్బు ఒక్కటే సంరక్షణ కాదు

పిల్లలు హైదరాబాదులో పనిచేస్తుండగా మెట్ట గ్రామంలో ఒంటరిగా ఉంటున్న ఒక వృద్ధురాలిని ఊహించుకోండి. ఆమెకు పింఛను అందుతుంది. కానీ మంచాన పడితే స్నానం చేయించేది ఎవరు? మందులు వేళకు ఇచ్చేది ఎవరు? వేలిముద్ర పడకపోతే ఆమె తరఫున మాట్లాడేది ఎవరు?

2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసింది. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి నెలకు 10,000 రూపాయల దాకా భరణం కోరవచ్చు. లాయరు అవసరం లేదు. ట్రిబ్యునల్‌కు సబ్ డివిజన్ స్థాయి అధికారి అధ్యక్షత వహిస్తారు, మన దగ్గర ఆర్డీవో. 2022కు ముందు జగ్గయ్యపేట వైపు వారు విజయవాడ డివిజన్ కిందికి వచ్చేవారు. అది 70 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. నందిగామ డివిజన్ ఏర్పడటంతో ఆ దూరం సగానికి పైగా తగ్గింది. జిల్లాల పునర్విభజన గురించి జరిగిన చర్చల్లో ఇలాంటి ప్రయోజనం పెద్దగా ప్రస్తావనకు రాదు.

ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం ఒకటైనా ఉండాలని అదే చట్టంలోని 19వ సెక్షను చెబుతుంది. స్వచ్ఛంద సంస్థలు నడిపే వృద్ధాశ్రమాలకు 1992 నుంచి కేంద్ర పథకం కింద గ్రాంట్లు అందుతున్నాయి. వీటి మీద అజమాయిషీ శాఖాధికారులది. ఆశ్రమం ఏ ఊళ్లో ఉందో ఆ ఊరి పంచాయతీకి లోపలికి వెళ్లి చూసి రావాల్సిన విధి అంటూ లేదు. పక్క వీధివారికి తెలిసినది జిల్లా కార్యాలయానికి తెలియడానికి నెలలు పడుతుంది.

8. ఇతర ప్రాంతాలతో పోలిక

ఇంగ్లండులో 1601 నాటి పేదల చట్టం ముసలివారి భారాన్ని పారిష్ మీద పెట్టింది. స్థానికులే పన్ను కట్టారు, స్థానికులే లెక్క అడిగారు. ఫలితం రెండు రకాలుగా ఉంది. సాయం దగ్గరగా ఉంది. మరోవైపు భారం పెరుగుతుందని పరాయి పారిష్ పేదలను వెళ్లగొట్టడమూ జరిగింది. 1948లో ఆ పాత చట్టాల వ్యవస్థకు స్వస్తి చెప్పి, వృద్ధుల నివాస గృహాల బాధ్యతను స్థానిక కౌన్సిళ్లకు అప్పగించారు.

కేరళలో 2008లో పాలియేటివ్ కేర్ విధానం వచ్చింది. మంచాన పడిన రోగుల ఇళ్లకు నర్సు వెళ్లే కార్యక్రమాన్ని అక్కడి స్థానిక సంస్థలు తమ ప్రణాళికలో చేర్చి నడుపుతున్నాయి. నర్సు రాకపోతే వార్డు సభ్యుడిని అడగవచ్చు. ఖర్చు పంచాయతీ పద్దులోనే ఉంటుంది కాబట్టి ఆయన ‘నాకు సంబంధం లేదు’ అనలేరు.

ఈ పోలికల నుంచి తేలేది ఇది: స్థానికమైనంత మాత్రాన ఏదీ న్యాయంగా ఉండదు. అంబేడ్కర్ చేసిన హెచ్చరిక ఇక్కడ పనికొస్తుంది. ఊరి పెద్దల ఇష్టానికి జాబితాను వదిలేస్తే పాత కరణం రోజులు కొత్త పేరుతో వస్తాయి. కాబట్టి అర్హత నియమాలు రాష్ట్రమంతటా ఒకటే ఉండాలి, అర్హులందరికీ అందాలి. ఆ నియమం ఊళ్లో సరిగ్గా నడుస్తోందా అని బహిరంగంగా అడిగే హక్కు మాత్రం ఊరి సభకు ఉండాలి. ఎంపిక చేసే అధికారం, నిలదీసే అధికారం వేరు వేరు. మన స్థానిక సంస్థలు మొదటి దాని కోసం పోట్లాడుతూ రెండో దాన్ని చాలాసార్లు చేజార్చుకున్నాయి.

9. సారాంశం

సత్రం దాత ఇష్టం మీద నడిచింది. కరువు సాయం రెవెన్యూ ఉద్యోగి సంతకం మీద నడిచింది. జిల్లా బోర్డులో ప్రశ్న అడిగే చోటు ఉన్నా పేదలకు అక్కడ స్థానం లేదు. పంచాయతీ రాజ్ తొలి దశ వృద్ధులను కుటుంబానికి వదిలింది. 1994 చట్టం గ్రామసభకు తలుపు తెరిచింది గాని కోటాలు, కమిటీలు, ఆలస్యమైన ఎన్నికలు ఆ తలుపును సగం మూశాయి. ఈ మొత్తం కాలంలో సాయం పెరిగింది, ఇంటికి దగ్గరైంది. జవాబుదారీ మాత్రం అంతగా దగ్గర కాలేదు.

అయినా ఆ తలుపు పూర్తిగా మూసుకోలేదు. లబ్ధిదారుల జాబితాలు సచివాలయాల్లో ప్రదర్శిస్తున్నారు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. గ్రామసభలో ఓటరు ఎవరైనా లేచి అడగవచ్చు. ఆ లేచి అడిగేవారు చాలాసార్లు తమ కోసం అడగలేని స్థితిలో ఉన్న మరొకరి కోసం అడగాల్సి ఉంటుంది. చదువుకున్న మీ మీద ఆ బాధ్యత కాస్త ఎక్కువే.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. పంపిణీకి, పర్యవేక్షణకు తేడా ఏమిటి? మీ ఊరి నుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి.
2. కరువు నిబంధనావళిలోని ‘పని చేయలేనివారి’ జాబితాకూ నేటి పింఛను జాబితాకూ పోలికలు, తేడాలు రాయండి.
3. 2018 నుంచి 2021 వరకు ఎన్నికైన పంచాయతీలు లేకపోవడం సంక్షేమ పాలనపై చూపిన ప్రభావాన్ని చర్చించండి.
4. క్షేత్ర అభ్యాసం: మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో పెట్టిన పింఛను జాబితా చూడండి. తరువాత మీ ఊళ్లో జరిగే గ్రామసభకు వెళ్లి, వృద్ధుల గురించి ఎన్ని ప్రశ్నలు వచ్చాయో, వాటికి ఎవరు జవాబు చెప్పారో ఒక పేజీ రాయండి. ఎవరి పేర్లూ, ఆధార్ వివరాలూ మీ నివేదికలో రాయకండి.